చైనా డోలు కథల్లో ముందు ఏది వినాలి: జింగ్యునా, షీహనా, మెయ్‌హువానా?

పేరులో పెద్ద డోలు ఉంది. చైనా మాటలో ‘దా’ అంటే పెద్ద, ‘గు’ అంటే డోలు, రెండూ కలిపి దాగు. తీరా వేదిక మీద చూస్తే ఆ డోలు మన టిఫిను పళ్ళెం కన్నా కాస్త పెద్దది, అంతే. మడత పెట్టుకునే సన్నటి వెదురు కాళ్ళ మీద దాన్ని పడుకోబెడతారు. పాడే మనిషి దాని వెనక నిలబడి కుడిచేత్తో ఒంటి పుల్లతో డోలు కొడుతూ, ఎడమచేత్తో రెండు చెక్కలు ఆడిస్తూ కథ పాడతారు. పక్కన సన్‌షియన్ అనే మూడు తీగల వాద్యంతో ఒకరు కూర్చుంటారు. పొడుగు మెడ, పాము తోలు బిగించిన చిన్న బుర్ర దానికి. కొన్ని రకాల్లో నాలుగు తీగల సిహు, పిపా కూడా చేరతాయి. ఇదీ మొత్తం సరంజామా.

బీజింగ్ పక్కనున్న తియాన్‌జిన్ నగరంలో మెడిసిన్ చదివిన రోజుల్లో నాకీ పిచ్చి పట్టింది. అప్పట్నుంచి ఎవరికి చెప్పినా రెండు మాటలు వినపడతాయి. మొదటిది అక్కడికక్కడే: ‘ఓహో, వాళ్ళ బుర్రకథన్నమాట.’ రెండోది ఓ వారం తర్వాత: ‘యూట్యూబులో పెట్టి చూశాన్రా, ఐదు నిమిషాలకి ఆపేశా, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.’ ఆపేసినవాళ్ళని నేనేమీ అనను. దాగు అనేది ఒక్క పాట పేరు కాదు, ఇంటిపేరు లాంటిది. ఉత్తర చైనాలో ఊరికో రకం ఉంది: జింగ్యున్, షీహ, మెయ్‌హువా, ఇలా. వాటిలో తనకి పడనిదేదో చేతికి తగిలితే ఎవరైనా ఆపేస్తారు. ఎవరి చెవికి ఏది పడుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఆ బుర్రకథ పోలిక సంగతి. అది సగమే నిజం. బుర్రకథలో ముగ్గురుంటారు. కథకుడు తంబురా పట్టుకుని అడుగులేస్తాడు, ఇటూ అటూ వంతలు గుమ్మెటలు వాయిస్తూ ‘తందాన తాన’ అందుకుంటారు, ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. దాగులో వంత లేదు, తందానా లేదు. ఉన్నది ఒక్కరే. అందుకని జింగ్యున్ దాగు చూస్తున్నప్పుడు నాకు బుర్రకథ కన్నా హరికథే ఎక్కువ గుర్తొస్తుంది. అక్కడా ఒంటరి దాసుగారు, చేతిలో చిరతలు, కథలో ప్రతి పాత్రా తానే. బుర్రకథ ఊపు కావాలంటే షీహ దగ్గరికి వెళ్ళాలి. హరికథ మీద మక్కువ ఉన్నవాళ్ళు జింగ్యున్ వైపు, బుర్రకథ మీద ఉన్నవాళ్ళు షీహ వైపు వెళ్తే చాలామటుకు సరిపోతుంది. కానీ భాష అనే చిక్కు ఒకటుంది కదా, దానివల్ల లెక్క కొంచెం మారుతుంది.

పెద్ద పేరు జింగ్యున్‌దే. ‘జింగ్’ అంటే రాజధాని, ‘యున్’ అంటే పలుకు తీరు. ఆ పేరు ఊరికే రాలేదు. బీజింగ్ చుట్టూ ఉన్న హబెయ్ రాష్ట్రంలో హజియాన్, త్సాంగ్‌జోవ్ వైపు పల్లెల్లో చెక్కలు పట్టుకుని పాడిన పాట అది. 19వ శతాబ్దం చివరికి బీజింగ్, తియాన్‌జిన్‌లకు చేరింది. పట్నం వాళ్ళు ఆ యాస విని నవ్వి ‘ఛ్యె దాగు’ అన్నారు, అంటే పల్లెటూరి దాగు. మన సినిమాల్లో శ్రీకాకుళం యాసకి ఇన్నాళ్ళూ ఏ గతి పట్టిందో దీనికీ అదే పట్టింది. ల్యూ బావ్‌ఛుయెన్ (1869-1942) వచ్చి ఆ యాసని బీజింగ్ పలుకులోకి మార్చాడు. పెకింగ్ ఆపెరా నుంచి నిలబడే తీరు, చూపు, చేతి వాటం తెచ్చి పెట్టాడు. ఆయన చేతిలో డోలు పుల్ల కాసేపు ఈటె, కాసేపు కత్తి. నవ్విన పట్నమే ఆయన్ని ‘డోలు లోకానికి రాజు’ అని పిలిచింది.

జింగ్యున్‌లో కథ పొట్టిది. పెద్ద పురాణంలోంచి ఒక్క ఘట్టం కోసుకొచ్చి పదీ ఇరవై నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ అరగంటలో ముగిస్తారు. మధ్యలో మాటలు దాదాపు ఉండవు, అంతా పాటే. మొదలు నెమ్మదిగా, చివర పరుగు. భాష రానివాళ్ళకి ఈ పొట్టితనమే పెద్ద వరం, ఎందుకంటే ఘట్టం ఏమిటో ముందే పది లైన్లలో చదువుకుని కూర్చోవచ్చు. పల్నాటి యుద్ధం కథ వినడానికి వచ్చినవాడికి బాలచంద్రుడు చనిపోతాడని తెలియదా? తెలిసే వస్తాడు. వాడు వినేది ఎలా చనిపోయాడన్నది కూడా కాదు, ఈ కథకుడు ఆ చావుని ఎలా పాడతాడన్నది. దాగు వినడం కూడా అంతే. కథ తెలియకుండా విన్నవాడికి అది వట్టి శబ్దం.

నా మొదటి సలహా ‘జియెన్‌గ వెన్ లింగ్’, పాడింది లువో యూషెంగ్ (1914-2002). కథ ఇది. 756లో ఆన్ లూషాన్ తిరుగుబాటుకి భయపడి తాంగ్ చక్రవర్తి ష్యువాన్‌జోంగ్ రాజధాని వదిలి పడమటికి పారిపోతాడు. దారిలో మావెయ్ దగ్గర సైనికులు ఎదురు తిరుగుతారు: ఈ అనర్థానికి మూలం నీ ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫెయ్, ఆమె చావాలి, అప్పుడే ముందుకు నడుస్తాం అంటారు. ఆమె చనిపోతుంది. దాగులో ఇదంతా జరిగిపోయిన సంగతే. పాట జరిగేది తర్వాత, జియెన్‌గ కొండల్లో ఒక రాత్రి. బయట వాన, చూరుకి వేలాడే గంటలు గాలికి మోగుతుంటాయి, ముసలి రాజుకి నిద్ర పట్టదు. ఇక కథలో ఏమీ జరగదు. అరగంట లోపు ఒక మనిషి పడుకోలేకపోవడం, అంతే.

చివరికొచ్చేసరికి ఒక చోటుంది. అక్కడ పాదం తర్వాత పాదం ‘జాయ్ బూ నెంగ్’ అనే మూడు అక్షరాలతోనే మొదలవుతుంది. ‘ఇక ఎన్నటికీ కాదు’ అని అర్థం. కొలనులో జంట తామరలు చూడటం ఇక లేదు, మేడ మీద కలిసి చంద్రుణ్ణి చూడటం ఇక లేదు, ఇలా ఒకదాని మీద ఒకటి. చైనా భాష ఒక్క ముక్క రానివాళ్ళు కూడా రెండోసారి వినేసరికి ఆ మూడక్షరాలు పట్టేస్తారు. మూడోసారి, అవి రాబోతున్నాయని ముందే తెలిసి గుండె కాస్త గట్టి చేసుకుంటారు. మా అమ్మకి కథ చెప్పి వినిపించాను. ‘జాయ్ బూ నెంగ్’ మూడోసారి రాగానే ‘పాపం, ముసలాయన’ అంది. సబ్‌టైటిల్స్ అక్కర్లేదని నాకు అప్పుడు అర్థమైంది.

లువో గొంతు లోతైనది, అవసరమైతే చాలా పైకీ వెళ్తుంది. చిన్నతనంలో పెకింగ్ ఆపెరా పాడి తర్వాత దాగులోకి వచ్చింది. ‘షియావ్ త్సాయ్‌వూ’ అనే రంగస్థలం పేరుతో తియాన్‌జిన్‌లో స్థిరపడింది. చైనా మొత్తానికీ ఆమె గొంతు ఇల్లిల్లూ తెలిసింది మాత్రం 1985లో, యుద్ధకాలపు బీజింగ్ మీద వచ్చిన ఒక టీవీ సీరియల్ టైటిల్ పాటతో. అప్పటికి ఆమెకి డెబ్బై దాటాయి. దాగు పేరే వినని కుర్రాళ్ళు కూడా ఆ పాట కూనిరాగం తీసేవాళ్ళు. ఆ పాటతో మొదలుపెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కానీ అది దాగు బాణీలో కట్టిన సీరియల్ పాట. చెవికి దారి చూపిస్తుంది, కథ రుచి చూపించదు.

వాన రాత్రి, ఏడుపు మీకు వద్దనుకోండి. లువో పాడిందే ఇంకొకటుంది, ‘ఛోవ్ మో యిన్ ఛూ’. పాతకాలపు గడియల లెక్కలో ఛోవ్ గడియ ముగిసి యిన్ గడియ మొదలయ్యే వేళ, మన లెక్కలో తెల్లవారుజాము మూడు. ఆ వేళకి ఎవరెవరు లేస్తారు? బాటసారి, జాలరి, కట్టెలు కొట్టేవాడు, రైతు, చదువుకునేవాడు, ఒక్కొక్కరి మీదా నాలుగు గీతలు. యుద్ధం లేదు, చావు లేదు. చిన్న పాట, బస్సులో వెళ్తూ వినేయొచ్చు. మొదటిసారి వినేవాళ్ళకి ఇంతకన్నా తేలికైన జింగ్యున్ నాకు తెలియదు.

ల్యూ బావ్‌ఛుయెన్‌ని నేరుగా వినాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, రాజు కదా మరి. ఆగండి. ఆయన దొరికేది పాత గ్రామఫోన్ రికార్డుల్లో. గరగర మధ్య, పక్కకి మూడు నిమిషాల చొప్పున ముక్కలు చేసి పాడిన పాట. చెవి అలవాటు పడకముందు వింటే రాజుగారి మీద అన్యాయంగా విసుగొస్తుంది. ఓ పది పాటలు విన్నాక వెళ్ళండి. అప్పటికి చైనావాళ్ళ పాత వీరగాథ ‘మూడు రాజ్యాల కథ’ కాస్త తెలిసి ఉంటే మంచిది. ‘ఛాంగ్‌బాన్ ఫో’లో ఝావ్ యున్ పసిబిడ్డని కాపాడటానికి శత్రువుల మధ్యకి దూసుకుపోతాడు, ‘దాన్ దావ్ హుయ్’లో గువాన్ యూ ఒంటరిగా కత్తి పట్టుకుని పగవాడి విందుకి వెళ్తాడు. మూడు రాజ్యాల వీడియో గేములు ఆడే పిల్లలు ఇంట్లో ఉంటే పాత్రల పేర్లు వాళ్ళే చెబుతారు.

ఇక వీరగాథ మీద మనసు లేక, విషాదం సన్నగా కావాలనుకునేవాళ్ళకి జింగ్యున్‌లోనే బాయ్ యున్‌పెంగ్ బాణీ ఉంది. ‘ఎర్ర మేడ కల’ అనే పాత చైనా నవలలో నాయిక దైయూ చనిపోతూ తన కవితలు నిప్పుల్లో వేసే ఘట్టం ఈ బాణీలో వినాలి. అరుపు ఉండదు, దగ్గరగా కూర్చుని చెప్పినట్టుంటుంది. వెతికేటప్పుడు ఒక తిరకాసు: ‘చిన్న బాయ్’ బాణీ అని వేరే ఉంది, అది బాయ్ ఫెంగ్‌మింగ్‌ది. ఇంటిపేరు ఒకటే, పాట తీరు వేరు.

ఇప్పుడు షీహ. నా మనసు ఇటే, దాచుకోను. ‘షీ’ పడమర, ‘హ’ నది. పుట్టిల్లు మధ్య హబెయ్ పల్లెలు. ఎడమచేతిలో చెక్కల బదులు అర్ధచంద్రాకారపు లోహపు బిళ్ళలు రెండు ఉంటాయి. వేళ్ళ మధ్య ఇరికించి ఆడిస్తే గలగలమంటాయి. తోడు ఒక్క సన్‌షియనే. పాట, మాట కలిసి నడుస్తాయి. కాసేపు మామూలుగా కథ చెప్పి, గుర్రం ఎక్కే చోటో కత్తి దూసే చోటో డోలు కొట్టి పాటలోకి దూకుతారు. కథలు కూడా పొడుగువే: యాంగ్ వంశపు సేనానులు, ఆ ఇంట్లో మగవాళ్ళంతా యుద్ధంలో పోతే కత్తి పట్టిన ఆడవాళ్ళు, సేనాని యూ ఫెయ్, షూయె వంశపు యోధులు. నెలల తరబడి రోజూ సాగే కథలివి. రేపటికి ఏమవుతుందో అన్న చోట ఆపడం ఇక్కడ పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ రకానికీ చైనా రేడియోకీ రక్తసంబంధం ఉంది. డోలు, తీగ తీసేసి వట్టి మాటలతో చెప్పే కథని పింగ్‌షూ అంటారు. టాక్సీ డ్రైవర్లు, మంగలి షాపులవాళ్ళు రేడియోలో రోజూ వినేది అదే. అందులో మహా పేరున్న షాన్ తియాన్‌ఫాంగ్ (1934-2018) పుట్టింది షీహ దాగు కుటుంబంలోనే. తల్లి పాడేది, తండ్రి సన్‌షియన్ వాయించేవాడు. 1979లో యూ ఫెయ్ కథతో దేశమంతా రేడియోలకి అతుక్కుపోయేలా చేసిన ల్యూ లాన్‌ఫాంగ్ కూడా డోలు పాట నేర్చుకునే పింగ్‌షూకి వచ్చింది. కాబట్టి మీకు చైనా భాష వినగలిగేంత వచ్చిందంటే షీహ దగ్గర మొదలుపెట్టండి, తర్వాత పింగ్‌షూకి జారిపోవడం తేలిక. అక్కణ్ణుంచి తిరిగి రావడమే కష్టం.

భాష రానివాళ్ళకి మాత్రం ఈ పొడుగు కథలు చెప్పను. మాటలు సగం ఉన్నాయంటే సగం కథ మూసిన తలుపు వెనకే ఉండిపోతుంది. అయితే ఒక మినహాయింపు, ‘లింగ్‌లోంగ్ తా’. మా జెంగ్‌ఫెన్ షీహలో పాడింది వెతకండి. అది కథ కాదు, నాలుక తిరగని పాట. కొండ మీద గుడి, గుడిలో గోపురం. మొదటి అంతస్తులో ఒక బల్ల, నాలుగు కాళ్ళు, ఒక సన్యాసి, ఒక గ్రంథం, ఒక దీపం, ఒక గంట, గాలి వీస్తే గంట మోగడం. తర్వాత రెండు కాదు, ఏకంగా మూడో అంతస్తు: మూడు బల్లలు, పన్నెండు కాళ్ళు, ముగ్గురు సన్యాసులు. అలా బేసి అంతస్తులే ఎక్కుతూ పదమూడు దాకా వెళ్ళి మళ్ళీ దిగడం. ప్రతి అంతస్తుకీ వేగం పెరుగుతుంది. చైనా అంకెలు నేర్చుకుంటున్నవాళ్ళకి ఇంతకన్నా మంచి ఎక్కాల పుస్తకం లేదు. మా రూమ్మేటు, గుంటూరు పిల్లాడు, చైనా పరీక్షలో అంకెలు తప్పకుండా రాయడానికి వారం రోజులు ఇదే పాడాడు. ఏడో అంతస్తు దాటి ఎప్పుడూ ఎక్కలేదు.

ఈ పల్లె డోలు ఎంత పాతది అంటే, చెంగ్డూ దగ్గర తియాన్‌హుయ్ కొండలో 1957లో తవ్వితే తూర్పు హాన్ వంశపు కాలం (క్రీ.శ. 25-220) నాటి సమాధిలో ఒక మట్టి బొమ్మ దొరికింది. చంకలో పల్చటి డోలు, కుడిచేతిలో పుల్ల, ఒక కాలు గాల్లోకి తన్ని, నోరంతా తెరిచి నవ్వుతున్న బొజ్జాయన. ఇప్పుడు బీజింగ్‌లో జాతీయ మ్యూజియంలో ఉంది. ఆయన పాడింది దాగు అనలేం, దాగు అన్నది అప్పటికి పుట్టలేదు. కానీ ఆ నవ్వు చూశాక ఎదురుగా జనం లేరంటే నేను నమ్మను. 12వ శతాబ్దపు కవి లూ యూ పద్యం ఒకటుంది: సాయంత్రపు ఎండ, ముసలి చెట్లు, ఒక ఊరు, డోలు తగిలించుకున్న గుడ్డి తాత కథ చెబుతున్నాడు, ఊరంతా చేరి వింటోంది. చచ్చిపోయాక మన మీద ఎవరేం చెబుతారో ఎవరి చేతుల్లో ఉంది అని నిట్టూరుస్తాడు కవి. ఎందుకంటే ఆ తాత చెబుతున్న కథలోని పెద్దమనిషి నిజంగా బతికిన పండితుడు, కథలో మాత్రం వేరే మనిషైపోయాడు.

మెయ్‌హువా దగ్గరికి వద్దాం. ‘మెయ్‌హువా’ అంటే చైనావాళ్ళు చలికాలం చివర్లో ఎదురుచూసే పువ్వు పేరు. బీజింగ్‌లో పుట్టి తియాన్‌జిన్‌లో ముదిరింది. ఇందులో పాట ఎంతో తీగలూ అంతే. సన్‌షియన్, సిహు, పిపా చేరి గాయని ఆగిన చోటల్లా వాయిద్యాలు తమలో తాము మాట్లాడుకుంటాయి. ఒక్క అక్షరాన్ని సాగదీసి, మెలిపెట్టి, మళ్ళీ విప్పి పాడతారు. జిన్ వాన్‌ఛాంగ్ పాత బాణీకి పెద్ద. తర్వాత చూపులేని సన్‌షియన్ విద్వాంసుడు లూ ఛెంగ్‌క ఆడగొంతులకి తగ్గట్టు కొత్త బాణీ కట్టాడు. ఆ బాణీతో హువా సిబావ్ పేరు తెచ్చుకుంది. కథలు ఎక్కువగా ఎర్ర మేడ కలలోవి: దైయూ దిగులు, ఆమె ప్రేమించిన బావ్‌యూ పరామర్శ.

మొదటిసారి వింటూ నేను నిద్రపోయాను, అబద్ధం ఎందుకు. కథ కోసం వింటే మెయ్‌హువా కదలదు. వీణ కచేరీలో కూర్చోగలిగినవాళ్ళకి, గమకం ఎటు తిరుగుతుందో అని చెవులు రిక్కించేవాళ్ళకి ఇదే మొదటి మెట్టు కావచ్చు. మా చెల్లెలు వీణ నేర్చుకుంది. జింగ్యున్ విని ‘బాగుంది’ అంది, మెయ్‌హువా విని ‘ఆ మధ్యలో వాయించిన ముక్క మళ్ళీ పెట్టు’ అంది. అందుకే ఎవరైనా సలహా అడిగితే ముందు ఇంట్లో ఏం వింటారని అడుగుతాను.

మిగతావి గబగబా. జింగ్‌దోంగ్ అంటే రాజధానికి తూర్పున అని, తియాన్‌జిన్‌లోని బావ్‌ది వైపుది. దోంగ్ షియాంగ్‌కున్ పాడిన ‘కూతురిని యూనివర్సిటీకి పంపడం’ వింటే మూడు నిమిషాల్లో తల ఊగుతుంది. బాణీ సులువు, మాటలు సులువు, పాడుకోవడానికీ సులువు. పిల్లలతో వినాలంటే ఇదే. చాలాసేపు వింటే అన్ని పాటలూ ఒకేలా అనిపిస్తాయి, అది నా ఇబ్బంది. షాన్‌దోంగ్ దాగు చరిత్రకి గొప్పది: పల్లెల్లో విరిగిన నాగటి కర్రు ముక్కలు కొట్టుకుంటూ పాడారు కాబట్టి దాన్ని ‘లిహువా’ అన్నారు. పట్నం వచ్చాక అదే ఉచ్చారణకి వేరే అక్షరాలు రాసి ‘బేరి పువ్వు’ చేసేశారు. ల్యూ అ రాసిన నవలలో జినాన్ నగరం సరస్సు ఒడ్డున వాంగ్ షియావ్‌యూ పాడే ఘట్టం ఈ రకం పాటదే. గొంతు పైకి పైకి పోయి, ఉక్కు తీగ ఆకాశంలోకి విసిరినట్టు అయిందంటాడు. చైనాలో స్కూలు పిల్లలకి ఆ వర్ణన తెలుసు. ఆ వర్ణన చదివి ఈ రకంతో మొదలుపెడదామనిపిస్తుంది, కానీ మంచి రికార్డింగులు జింగ్యున్‌కి దొరికినంత తేలిగ్గా దొరకవు. ‘లావ్‌తింగ్’ తాంగ్‌షాన్ వైపుది. అక్షరాలు చూసి బయటివాళ్ళు ‘లతింగ్’ అంటే ఊరివాళ్ళు సరిదిద్దుతారు. షెన్‌యాంగ్ వైపు దోంగ్‌బెయ్ దాగు ఉంది. షీహ, లావ్‌తింగ్, దోంగ్‌బెయ్ మూడూ 2006లోనే చైనా జాతీయ వారసత్వ జాబితాలోకి వెళ్ళాయి, జింగ్యున్ 2008లో. జాబితా వరస చూసి ఎంచుకోకండి, అది రుచి లెక్క కాదు.

దక్షిణాన వెన్‌జోవ్‌లో ఇంకో డోలు పాట ఉంది, పాడే మనిషే ఎద్దు నరాల తీగల వాద్యం కూడా వాయించేస్తాడు. అది వెన్‌జోవ్ మాటలో ఉంటుంది. ఆ మాట పక్క జిల్లా వాళ్ళకే అర్థం కాదు. భాష రాలేదని బాధపడేవాళ్ళకి అక్కడ చైనావాళ్ళతో సమానంగా కూర్చునే భాగ్యం దొరుకుతుంది. ఇంకొకటి, వెతుకుతుంటే ‘దాన్‌షియన్’ తగులుతుంది. పాడేవాళ్ళ చేతిలో ఎనిమిది మూలల చిన్న డోలు, అంచుల్లో ఏడింట గజ్జెల్లాంటి తాళాలు, ఎనిమిదో అంచుకి కుచ్చు. చూడముచ్చటగా ఉంటుంది. చైనాని ఏలిన మంచూల సైనిక దళాల వాళ్ళ పాట అది, చుట్టరికం ఉన్నా దాగు కాదు.

వీడియోనా, ఆడియోనా? మొదటి ఐదు పాటలూ వీడియోనే. కారణం ఎడమచెయ్యి. తాళంలో గట్టి దెబ్బని ‘బాన్’ అంటారు, అంటే చెక్క. మధ్య మాత్రలని ‘యెన్’ అంటారు, కళ్ళు. డోలు తాళం వెయ్యదు. అది మొదట్లో ఒక విన్యాసం చేసి, తర్వాత పాదానికీ పాదానికీ మధ్య ఖాళీలో పలుకుతుంది. తాళం ఎక్కడుందో డోలులో వెతికితే దొరకదు, చెక్కల చెయ్యి చూస్తే దొరుకుతుంది. నాకు ఇది తెలియడానికి ఆరునెలలు పట్టింది. పైగా టీవీలో వచ్చిన రికార్డింగుల్లో పాట కింద అక్షరాలు పడతాయి. లిపి చదవలేకపోయినా పాదాల పొడుగు కనిపిస్తుంది: ఏడక్షరాలవి, పదక్షరాలవి, మధ్యలో ఇరికించినవి. రెండేసి పాదాలు జంట, జంటలో రెండోదాని చివర ప్రాస, పాట మొదలు నుంచి చివరిదాకా అదే ప్రాస. రెండో అక్షరం మీద ప్రాస వేసే ద్విపదకి అలవాటైన చెవి అది పాదం చివర్లో ఉందని తెలియక కాసేపు తడుముకుంటుంది.

వెతికేటప్పుడు తెలుగులోనో ఇంగ్లీషులోనో పేరు కొడితే నాలుగైదు వస్తాయి. చైనా లిపిలో పేరు ఎక్కడైనా పట్టుకుని అదే అతికించి వెతకండి, అప్పుడు ఊట తెరుచుకుంటుంది.

ఎప్పుడైనా ఆ దేశం వెళ్ళి స్వయంగా వినే అదృష్టం ఉంటే బీజింగ్ కన్నా తియాన్‌జిన్ నయం. అక్కడ వినేవాళ్ళకి పాట తెలుసు. మంచి మలుపు పడగానే ‘హావ్!’ అని కేక వేస్తారు. అది ఎక్కడ వెయ్యాలో తెలిసి వేస్తారు, నేను ఒకసారి తప్పు చోట వేసి నలుగురి చేత తిరిగి చూపించుకున్నాను. మూత ఉన్న కప్పులో టీ, పళ్ళెంలో పొద్దుతిరుగుడు గింజలు, ఆ గింజల చప్పుడు. పాట బాగా కుదిరితే ఆ చప్పుడు తగ్గుతుంది. నేను పాటని కొలిచేది దాన్నిబట్టే.

టికెట్టు కొనేముందు మాత్రం కార్యక్రమం వరస అడగండి. మొదటిసారి నేనొక టీ హౌసుకి దాగు ఉందని వెళ్ళాను. బయట బోర్డు మీద డోలు బొమ్మ కూడా ఉంది. లోపల రెండు గంటలు ‘షియాంగ్‌షెంగ్’, అంటే ఇద్దరు నిలబడి చెప్పుకునే జోకులు. భాష రాని నేను అందరూ నవ్వినప్పుడు నవ్వాను. దాగు ఒక్కటే ఒక్కటి, అదీ జనం టీలు తెప్పించుకునే మొదటి పదిహేను నిమిషాల్లో. ట్రాఫిక్‌లో ఆలస్యమైన నేను వెళ్ళేసరికి ఆమె డోలు స్టాండు మడుస్తోంది. ఇప్పటికీ చాలాచోట్ల వరస అదే, జోకులే ఎక్కువ, పాట ఒకటో రెండో. మధ్యాహ్నం వేళ పూర్తిగా పాటలకే పెట్టే ఆటలు వేరే ఉంటాయి. ఆ హాల్లో సగటు వయసు డెబ్బై, టికెట్టు కూడా చవక. వాటికి వెళ్ళండి, పావుగంట ముందు.

సీటు ఎంచుకోమంటే గాయని ముఖం ఎదురుగా కాదు, సన్‌షియన్ వాయించే మనిషి కనిపించే పక్కన కూర్చోండి. ఆయన స్వరలిపి వంక చూడడు, ఆమె భుజం చూస్తుంటాడు. డోలు పుల్ల పైకి లేవబోయే ముందు ఆ భుజం కదులుతుంది.